చెల్లి వెన్ను, నా సాక్ష్యం

జనవరి 16, గురువారం

చెల్లిని ఎముకల స్కాన్‌కి తీసుకెళ్లాను. తలుపు దగ్గరే స్కాన్ తీసే పిల్ల నన్ను ఆపేసింది. తాళాలు, గొలుసు, చేతిలో పుస్తకం అన్నీ బయట పెట్టమంది. ఇది పుస్తకం కాదమ్మా, నా ఊపిరి అన్నాను. ఊపిరైతే బయట కూర్చుని పీల్చుకోండి పెద్దమ్మా, లోపల చోటు లేదు అంది. చెల్లి బల్ల మీద పడుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. కదిలితే బొమ్మ చెదిరిపోతుందని ఆ పిల్ల దాన్నీ కసిరింది. నాకు ఆ పిల్ల నచ్చింది. నా ముందు నోరెత్తేవాళ్లు తక్కువ.

చెల్లికి అరవయ్యొకటి. ముప్పైతొమ్మిదికే గర్భసంచీ, దాంతోపాటు అండాశయాలూ తీసేశారు. ముట్టు ఆగిన రోజునుంచే లోపల ఎముక కరగడం మొదలైందట. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. యాభైయేడో ఏట కుట్టుమిషన్ ముందునుంచి లేస్తూ స్టూలు తగిలి పడింది. పెద్ద పాటేం కాదు. మణికట్టు మాత్రం సుద్దముక్కలా విరిగింది. మొదట వారానికో మాత్ర ఇచ్చారు. అది గొంతు కింద మంట పెట్టింది. అప్పట్నుంచి మూడేళ్లుగా ఆరు నెలలకోసారి చేతికి సూది. నేను రోజూ పొద్దున్నే దాని వెన్ను మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తున్నాను. అదీ మూడేళ్లే.

డాక్టరమ్మ రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచింది. ఆవిడ సన్నగా, నిటారుగా ఉంటుంది. మేమిద్దరం చాటుగా చీపురుపుల్ల అంటాం. ఎముక గట్టిదనం లెక్క మైనస్ మూడు పాయింట్ నాలుగు ఉండేది, ఇప్పుడు మైనస్ రెండు పాయింట్ మూడు. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిదట. కంప్యూటర్‌లో ఎముక లోపలి బొమ్మలు రెండు చూపించింది. ఎముకంటే రాయిలాంటిదని అరవయ్యారేళ్లూ అనుకున్నాను. కాదు. లోపలంతా వల. నిలువుగా రాటలు, వాటిని పట్టుకుని అడ్డకర్రలు. పాతదాన్ని తినేవాళ్లు కొందరు, కొత్తది కట్టేవాళ్లు కొందరు, రోజంతా పని చేస్తూనే ఉంటారట. ముట్టు ఆగాక తినేవాళ్లకి పగ్గం ఉండదు. ముందు పోయేది అడ్డకర్రలు. అవి పోతే రాటలు వంగిపోతాయి. ఈ సూది తినేవాళ్లను ఆపుతుంది.

నేను నోరు తెరుచుకుని చూశాను. ఎవరు కట్టారు ఇంత పని, ఎవరూ చూడని చోట! ఎండిన ఎముకల లోయలో నిలబడ్డ ప్రవక్త కూడా ఇంత దగ్గరగా చూసి ఉండడు.

తర్వాతి సూది ఫిబ్రవరి పన్నెండు, తేదీ దాటనివ్వకండి అంది చీపురుపుల్ల. ఎందుకో చెప్పబోయింది. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. ఆదివారం మందిరంలో ఏం చెప్పాలో నా నోట్లో తిరుగుతోంది.


జనవరి 19, ఆదివారం

టైర్ల షాపు వెనకాల షెడ్డే మా మందిరం. షాపాయన కీబోర్డు వాయిస్తాడు. నలభయ్యారు మంది ఉన్నారు. చెల్లిని ముందుకి పిలిచి నిలబెట్టాను. మూడు పాయింట్ నాలుగు అన్నాను. రెండు పాయింట్ మూడు అన్నాను. ఈ చేతులతో, ఈ ప్రార్థనతో అన్నాను. బల్ల గుద్దాను. షెడ్డు రేకులు అదిరాయి. బేకరీ ఆవిడ ఏడ్చేసింది. నన్ను వెనకాల ఫైరింజన్ అంటారని తెలుసు. ఇవాళ నిజంగానే గంట కొట్టుకుంటూ వెళ్లాను.

సూది మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.


జనవరి 20

సూది సంగతి ఎందుకు చెప్పలేదక్కా అని చెల్లి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.


ఫిబ్రవరి 2, ఆదివారం

నూటపది మంది. కుర్చీలు చాలక టైర్లు దొర్లించుకొచ్చి వాటి మీద కూర్చున్నారు. సభ అయ్యాక ఆడవాళ్లు వరసగా వచ్చి చెల్లి వెన్ను తాకారు. చెల్లి ఓపిగ్గా అటు తిరిగి నిలబడింది. ఇంటికొచ్చాక, అక్కా, రేపట్నించి టోకెన్లు పెడదాం, వీపు అరిగిపోతోంది అంది. దాని నవ్వు చూస్తే నాకు కడుపు నిండుతుంది. నేను అరిచి సాధించలేనిది అది ఒక్క మాటతో సాధిస్తుంది. మా అమ్మ పోయినప్పుడు నాకు ఇరవై, దానికి పదిహేను. నేను హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ, దుప్పట్ల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అక్కడినుంచి పరిశుద్ధ గ్రంథం. అది మిషన్ తొక్కి ఇల్లు నడిపింది. నా చదువుకి దీపం కాదు, దీపంలో నూనె అదే. ఈ మాట ఏ సభలోనూ చెప్పలేదు.


ఫిబ్రవరి 12, బుధవారం

కేలెండర్‌లో ఈ తేదీ చుట్టూ ఎర్రగా సున్నా ఉంది. చెల్లి అటు చూడలేదు. నేను అడగలేదు.


ఫిబ్రవరి 26

ఎట్టకేలకు అడిగాను. సూదికి వెళ్లావా అని. చూసుకున్నాలే అక్కా, నువ్వు నీ ప్రసంగం చూసుకో అంది, మిషన్ దగ్గర పాత జిప్పు ఊడదీస్తూ. తలెత్తలేదు. తలెత్తని మనిషిని ఎన్నిసార్లు సభలో పట్టేశాను! పేరు పెట్టి నిలబెట్టి ఏడిపించాను. ఇవాళ మాత్రం, మంచిది అని స్నానానికి వెళ్లిపోయాను.


ఏప్రిల్ 6, ఆదివారం

నూటఎనభై. పెద్ద మందిరాల పెద్దలు ముగ్గురు వచ్చి వెనక వరసలో కూర్చుని విన్నారు. జూన్ ఒకటిన పెద్ద ఆడిటోరియంలో సభ పెడతారట. రెండువేల సీట్లు. నేను మాట్లాడాలి. చెల్లి స్టేజీ మీదకి రావాలి. ముప్పయ్యేళ్లుగా రేకుల షెడ్డులో అరిచాను. రెండువేల మందికి వినిపించే మైకు ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఇది గర్వమా? గర్వమే. రాసి పెట్టుకుంటున్నాను.


మే 14, బుధవారం, పొద్దున ఏడు

ముందుగదిలో కిటికీ బిగుసుకుంది. చెల్లి రెండు చేతులతో పైకి లాగింది. అంతే. బరువెత్తలేదు, పడలేదు. వంటింట్లో ఉన్న నాకు దాని గొంతు వినిపించింది. కేక కాదు. ఎవరో దాని లోపలి గాలిని పిండేసినట్టు చిన్న శబ్దం. వెళ్లేసరికి కిటికీ పట్టుకుని వేలాడుతోంది. నడుం పట్టేసిందక్కా, కాసేపుంటే పోతుంది అంది. ముఖం తెల్లకాగితంలా ఉంది. చెమట్లు. పడుకోబెట్టబోతే పడుకోలేదు, కూర్చోబెట్టబోతే కూర్చోలేదు.

అలవాటు ప్రకారం వెన్ను మీద చెయ్యి వేశాను. వద్దక్కా అంది. చెయ్యి తియ్యి అని ఎప్పుడూ అనని మనిషి.


అదే రోజు, మధ్యాహ్నం మూడు

ఎక్స్‌రే. రెండు వెన్నుపూసలు. నొక్కేసిన అట్టపెట్టెల్లా ముందువైపు కుంగిపోయి ఉన్నాయి. చీపురుపుల్ల బొమ్మను లైటుకి పట్టుకుని చూసింది. ఫిబ్రవరి సూది ఎక్కడ వేయించుకున్నారు అని అడిగింది. చెల్లి గోడకేసి చూసింది. నర్సమ్మ రిజిస్టర్ తెచ్చి తిప్పింది. ఆగస్టు పన్నెండు ఉంది. ఆ తర్వాత ఖాళీ. నేను ఫోన్ చేశాను కదమ్మా, వేరేచోట వేయించుకుంటున్నా అన్నారు కదా అంది నర్సమ్మ. ఆ మనిషి గొంతులో కోపం లేదు, దిగులుంది. అందుకే ఎక్కువ తగిలింది.

ఇంకా ఎన్ని పూసలు లైన్లో ఉన్నాయో తెలీదు, సూది ఇవాళే వేద్దాం అంది డాక్టరమ్మ. చెల్లి వద్దంది. జూన్ ఒకటి దాటాక వేయించుకుంటానంది. ఏముంది జూన్ ఒకటిన, ఎవరి పెళ్లి అని అడిగింది డాక్టరమ్మ. చెల్లి నావైపు చూసింది. నేను చెప్పాలి. చెప్పలేకపోయాను. ముప్పయ్యేళ్లలో మొదటిసారి.


మే 15, గురువారం

నడుముకి బెల్టు కట్టి ఇంటికి పంపారు. మందు మత్తులో కూడా నిద్రపోలేదు. పొద్దున్నే మంచం పక్కన కూర్చుని అడిగాను. ఎందుకు ఎగ్గొట్టావే అని. సభలో నిలబెట్టి ఏడిపించినట్టు అడగలేదు. చెల్లిని అడిగినట్టే అడిగాను.

చెప్పింది. అంతమంది వచ్చి నా వీపు మీద చెయ్యి పెట్టి ఏడుస్తున్నారక్కా. ఆ వీపుతోనే వెళ్లి సూది పొడిపించుకొస్తే నువ్వు అబద్ధమాడినట్టు కాదా? నీ మాట నిజం చెయ్యాలనుకున్నా. ఎముక కూడా బాగుందన్నారు కదా, ఇంక అవసరం లేదేమో అనుకున్నా అంది. నా మాట కోసం వెన్ను పణం పెట్టింది. ఇంకా, నువ్వేం బాధపడకు, బాత్రూముకి నేనే వెళ్తా అంది.

పదకొండు గంటలకి ఒక్కదాన్నే చీపురుపుల్ల దగ్గరికి వెళ్లాను. గ్రంథం సంచీలోనే ఉంచాను. బాగుపడిన ఎముక మూడు నెలల్లో ఎలా విరిగిందమ్మా అని అడిగాను. అప్పుడు జనవరిలో నేను వినకుండా లేచొచ్చిన మాట చెప్పింది. ఈ సూది తినేవాళ్లను చంపదు. గేటు దగ్గర ఆపి ఉంచుతుంది. ఆరు నెలలు కాపలా. లోపల ఆకలితో వాళ్లు పోగవుతూనే ఉంటారు. కాపలా లేచిపోయిందా, ఒక్కసారిగా అందరూ లోపలికి. మూడేళ్లలో కూడబెట్టింది ఏడాది తిరక్కుండా ఊడ్చేస్తారు. ముందు వెన్నుపూసల మీదే పడతారు. మాత్రలు అలా కాదట, అవి ఎముకలోనే ఇంకి కొంతకాలం ఉంటాయి. ఈ సూది మాత్రం తేదీ తప్పకూడదు. ఎప్పుడో ఒకప్పుడు మానాలన్నా ఇంకో మందుకి అప్పజెప్పి మానాలి. వదిలెయ్యకూడదు.

తెగిపోయిన అడ్డకర్రలు మళ్లీ వస్తాయా అని అడిగాను. పూర్తిగా పోయినవి రావడం కష్టం, ఉన్నవాటిని లావు చెయ్యొచ్చు, నిలబెట్టొచ్చు అంది. కాగితం మీద పెన్సిల్‌తో గీసి చూపించింది. ఆవిడ వేళ్లు చకచకా కదులుతుంటే నాకు అసూయ వేసింది. ఇంత కష్టమైన సంగతిని ఇంత తక్కువ మాటల్లో, అరవకుండా!

జరిగిందంతా చెప్పేశాను. సాక్ష్యం, మింగిన మాట, జూన్ ఒకటి, అన్నీ. చీవాట్లు పెడుతుందనుకున్నాను. ప్రార్థన మీద నాకేం కోపం లేదు, మా అమ్మ కూడా చేస్తుంది, కానీ సూదికి రావాల్సిన పేరు సూదికి ఇవ్వండి, లేకపోతే జనం సూది మానేస్తారు అంది. అంతే.


అదే రోజు, సాయంత్రం

చెల్లే ఉపాయం చెప్పింది. వేరే క్లినిక్‌కి వెళ్దాం అక్కా. ఇక్కడైతే షాపాయన భార్య షుగర్ చెకప్‌కి వస్తూ ఉంటుంది, చూస్తుంది. అక్కడైతే ఎవరికీ తెలీదు. సూదీ పడుతుంది, నీ సభా అవుతుంది. బెల్టు మీద నేనే వదులు జాకెట్టు కుట్టుకుంటా, స్టేజీ మీద కనపడదు అంది.

ఎంత చక్కటి ఉపాయం! గంటసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా చిల్లు లేదు.


మే 16, శుక్రవారం

మన క్లినిక్‌కే ఆటో కట్టించాను. దారంతా ప్రతి గుంతకీ చెల్లి నా చెయ్యి నలిపేసింది. వెయిటింగ్ హాల్లో నిజంగానే షాపాయన భార్య కూర్చుని ఉంది. ఏమిటి అక్కయ్యగారూ, ఇద్దరూ ఇలా వచ్చారు అంది. చెల్లి నన్ను మోచేత్తో పొడిచింది. నేను నా మామూలు గొంతుతోనే చెప్పాను. నా మామూలు గొంతంటే హాలంతా. నా చెల్లికి రెండు పూసలు కుంగిపోయాయి, మూడేళ్లుగా దాన్ని నిలబెట్టిన సూదిని నేను దాచిపెట్టాను, అందుకే అది మానేసింది, ఇవాళ మళ్లీ వేయించుకుంటోంది అన్నాను. కౌంటర్ అమ్మాయి కంప్యూటర్ మీద చేతులు ఆపేసింది.

నీ ప్రసంగం ఆదివారం కదక్కా అంది చెల్లి. నొప్పిలో కూడా ఈ నోరు ఒకటి.

ఒక్క నిమిషం పని. చేతి పైభాగంలో, సన్నటి సూది. నర్సమ్మ దూది అదిమి పట్టుకుని తర్వాతి తేదీ చెప్పింది. నవంబర్ పదహారు. ఈసారి రిజిస్టర్‌లో నా ఫోన్ నంబర్ కూడా రాయించాను.


మే 18, ఆదివారం

రెండొందలకి పైనే. వార్త అప్పటికే పాకిపోయింది. పెద్దలు ముగ్గురూ ముందు వరసలో ఉన్నారు. చెల్లి ఇంట్లోనే ఉంటానంది, నేనూ సరేనన్నాను. ప్రార్థన మొదలయ్యాక చూస్తే బెల్టు కట్టుకుని, పక్కింటావిడ భుజం పట్టుకుని తలుపులోంచి వస్తోంది. వదులు జాకెట్టు లేదు. బెల్టు అందరికీ కనపడేలా, చీర పైన. నాకంటే ధైర్యం కలది ఈ భూమ్మీద ఒకతే ఉంది, నేను దానితో ఒకే కంచంలో తింటున్నాను.

బల్ల గుద్దలేదు. చెప్పాను. నేను అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాను, అది అబద్ధం కంటే చెడ్డది అన్నాను. ప్రార్థన చేసిన మాట నిజం. సూది వేసిన మాటా నిజం. రెండోది నేను మింగాను, నా చేతులకి పేరు రావాలని. ముట్టు ఆగిపోవడం అనే మాట మొదటిసారి ఆ షెడ్డులో పైకి అన్నాను. షాపాయన కీబోర్డు మీది నల్ల మెట్లు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. మగవాళ్లు చెప్పులకేసి చూశారు. చూడనీ. మీ అమ్మలకీ ఇదే జరిగింది, మీ భార్యలకీ జరుగుతుంది అన్నాను. తినేవాళ్లు, కట్టేవాళ్లు, రాటలు, అడ్డకర్రలు, గేటు, కాపలా, అన్నీ చెప్పాను. గ్రంథంలో ఒక భాగం రాసినవాడు స్వయంగా వైద్యుడు, అతని చేతిలో మందులసంచీ చూసి ఎవరైనా ఛీ అన్నారా అని అడిగాను. వాక్యం ఎప్పుడూ ఇంత తేలిగ్గా నా నోట్లోంచి రాలేదు.

అప్పుడు అడిగాను. జనవరి తర్వాత, నా మాట విని, ఏదైనా మందు మానేసినవాళ్లు చెయ్యెత్తండి.

ఎవరూ ఎత్తలేదు. ఫ్యాను చప్పుడు. నా గుండె కొంచెం కుదుటపడింది కూడా.

బేకరీ ఆవిడ చెయ్యెత్తింది. పిండి గీతలున్న చెయ్యి. ఎముకల మాత్ర ఫిబ్రవరి నుంచి మానేశానమ్మా అంది. ఆమె వెనక ఇంకొకరు. మూలన ఒకరు. పెద్దల పక్కనే కూర్చున్న ఆవిడ, బీపీ మాత్ర. నేను లెక్కపెట్టాను. పదకొండు చేతులు. ఒక్కో చెయ్యీ లేస్తుంటే నా వెన్నులో ఒక్కో పూస కుంగినట్టుంది. దాచుకోకుండా రాస్తున్నాను, వాళ్లలో ఒక్కరికి ఏమైనా అయి ఉంటే ఆ పాపం ఏ నీళ్లతో కడిగినా పోయేది కాదు.

సగంమంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. పెద్దలు ముగ్గురూ చివరిదాకా కూర్చున్నారు. వెళ్తూ వెళ్తూ, జూన్ ఒకటి సభ ప్రస్తుతానికి వాయిదా అమ్మా అన్నారు. మంచిదన్నాను. నిజంగానే మంచిదనిపించింది. అది నాకే ఆశ్చర్యం.


మే 19, సోమవారం

బీపీ ఆవిణ్ని, ఇంకో ముగ్గుర్ని వాళ్ల డాక్టర్ల దగ్గరికి నిన్న సాయంత్రమే పంపాను, వెళ్లామని ఫోన్ చేశారు. మిగిలిన ఏడుగుర్నీ ఇవాళ చీపురుపుల్ల దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ తలుపు తీసి వరస చూసి, ఏమిటి పెద్దమ్మా, బస్సు వేసుకొచ్చారా అంది. మానేసినవాళ్లని తెచ్చానమ్మా, తిట్టేది ఉంటే నన్ను తిట్టు అన్నాను. ఎవర్నీ తిట్టలేదు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని ఏ మందు, ఎప్పుడు మానేశారు, ఎక్కడ నొప్పి అని అడిగింది. భోజనం మానేసి మూడింటిదాకా చూసింది. మాత్రలవాళ్లే అందరూ, సూదివాళ్లు లేరు, బతికారు అంది. పొద్దున్నే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట నిటారుగా ఉండాలి, మోకాళ్ల మీద వంగి ప్రార్థన ఆ తర్వాతే అని నావైపు చూస్తూ చెప్పింది. ఏడుగురూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిణ్ని ఇంక చీపురుపుల్ల అనకూడదనుకున్నాను. అలవాటు పోయేలా లేదు.

బేకరీ ఆవిడ మాత్రం మాత్ర తీసుకోనంది. ముందు మీరు స్కాన్ తీయించుకోండి అంది నాతో. మాకు ఇన్ని చెప్పారు, మీ ఎముకలేమైనా ఇనుమా? మీరు పడుకుంటేనే నేను మింగుతా. అందరూ నావైపు తిరిగారు. చెల్లి ఉంటే ఈల వేసేది.

పుస్తకం, తాళాలు బయట పెట్టాను. స్కాన్ పిల్ల గుర్తుపట్టింది. ఇవాళ ఊపిరి ఎక్కడ వదిలారు అంది.


మే 22, గురువారం

మైనస్ మూడు పాయింట్ ఆరు. చెల్లి మొదట్లో ఉన్నదానికంటే కింద. పైగా వెన్నులో ఒక పూస ఎప్పుడో కుంగిపోయి ఉందట. ఎప్పుడో నాకే తెలీదు. నడుంనొప్పి వస్తే ఎక్కువసేపు నిలబడ్డానని ఇస్త్రీపెట్టె వేడి పెట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి.

మూడేళ్లు నేను చెల్లి వెన్ను మీద చెయ్యి వేసింది ఈ వెన్నుతోనే.

మీకు కాపలా ఒక్కటే చాలదు, ముందు కట్టాలి అంది చీపురుపుల్ల. కట్టేవాళ్లను లేపే సూది వేరే ఉందట. రోజూ వేసుకోవాలి, ఇంట్లోనే, పెన్నులాంటిది, ఫ్రిజ్‌లో పెట్టాలి. వెయ్యబోయే ముందు రక్తపరీక్షలన్నీ చేయించింది. కొంతకాలం కట్టాక, కట్టింది పోకుండా కాపలాకి అప్పజెప్పాలి. రాటలు లావవుతాయా అని అడిగాను. లావవుతాయి అంది. పెన్సిల్‌తో గీసి చూపించమన్నాను. గీసింది. ఆ కాగితం అడిగి తెచ్చుకుని గ్రంథంలో పెట్టుకున్నాను.

బేకరీ ఆవిడకి ఫోన్ చేశాను. అయ్యో, మీది నాకంటే అన్యాయంగా ఉందే అంది. మాత్ర మింగేసిందట.


జూన్ 1, ఆదివారం

ముప్పైతొమ్మిది మంది. రెండువేల సీట్లు ఎక్కడో ఖాళీగా ఉండి ఉంటాయి.

గ్రంథంలో, నడుం వంగిపోయి పద్దెనిమిదేళ్లు పైకి చూడలేకపోయిన ఆ స్త్రీ కథ చదివాను. చాలాసార్లు ప్రసంగించిన కథే. ఎప్పుడూ, ప్రభువు చెయ్యి వేయగానే ఆమె నిటారుగా లేచిన క్షణం గురించే అరిచేదాన్ని. ఇవాళ ఆ పద్దెనిమిదేళ్ల గురించి మాట్లాడాను. ఆమె నీళ్లెలా మోసింది, ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మెడ ఎలా తిప్పింది, ఆమెకి అక్కో చెల్లో ఉందా, ఉంటే అడిగిందా. పైకి చూడలేకపోయినా ప్రతివారం ప్రార్థనకి నడిచొచ్చిందే, ఆ నడక నాకు ఇన్నాళ్లూ కనిపించలేదు.

చెల్లి బెల్టుతో ముందు వరసలో కూర్చుంది. ఎత్తు రెండు సెంటీమీటర్లు తగ్గిందట. నొప్పి సగానికి వచ్చింది. ఈ పదిహేను రోజుల్లో కొత్తగా ఏ పూసా కుంగలేదు. వచ్చేవారం నుంచి రోజుకి గంట మిషన్ మీద కూర్చోవచ్చు, ముందుకి వంగకుండా. మిషన్ కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాడు షాపాయన. నేను ఆయన్ని అడగలేదు.


జూన్ 9, సోమవారం, పొద్దున ఆరూపది

మొదటి సూది. కళ్లు తిరగొచ్చు, పడుకునే చోటే వేసుకోమన్నారు. మంచం మీద కూర్చున్నాను. పొట్ట చర్మం రెండు వేళ్లతో పట్టుకుని చెల్లే పొడిచింది. కదలకు, కుట్టు వంకరపోతుంది అంది. ఏమీ తెలియలేదు.

కట్టేవాళ్లు ఇప్పుడే లేచి ఉంటారు. కళ్లు నులుముకుంటూ, ఏ రాట దగ్గర మొదలెట్టాలా అని చూసుకుంటూ ఉంటారు.

ఇవాళ ప్రార్థన మెల్లగా చేశాను. గుసగుసగా. పనివాళ్లు ఉలిక్కిపడకూడదని.